ట్యూబు మీద ఏం రాసుందో చూశారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తామర గురించే. వానలు మొదలయ్యాక ఏటా ఇంతే. అందుకే జుట్టు, మొటిమల ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి శీర్షిక మొత్తం ఫంగస్‌కి వాడే పూతమందులకే కేటాయించాను. ఉత్తరాలను కొంచెం కుదించాను. పేర్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, నమస్తే. మావారు రొయ్యల చెరువు మీద పనిచేస్తారు. పోయిన వానాకాలంలో ఆయనకు గజ్జల్లో తామర వచ్చింది. తర్వాత నాకూ నడుం చుట్టూ మొదలైంది. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాస్తే రెండు రోజుల్లో దురద పోతుంది. ఆపితే వారం తిరక్కుండా మళ్లీ వస్తుంది. ఇలా ట్యూబు మీద ట్యూబు కొంటూనే ఉన్నాం. ఇప్పుడు మావారి తొడల లోపలివైపు చారలు పడ్డాయి. ట్యూబు మీద క్లోబెటసాల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్ అని ఉంది. మందు పవర్ చాలడం లేదా? ఇంకా గట్టి ట్యూబు ఏదైనా చెప్పండి.
— ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ట్యూబు మీది పేర్లు ఓపిగ్గా చూసి రాశారు. చాలా మంచి పని చేశారు. మీ ప్రశ్నకు జవాబు ఆ నాలుగు పేర్లలోనే ఉంది.

వాటిలో తామర మీద పనిచేసేది ఒక్క టెర్బినఫిన్. ఆఫ్లాక్సాసిన్ బ్యాక్టీరియాకి వాడే యాంటీబయాటిక్. ఆర్నిడజోల్ అమీబా లాంటి వాటికి, కొన్ని రకాల బ్యాక్టీరియాకి వాడేది. తామర ఫంగస్‌కి ఈ రెండింటితో సంబంధమే లేదు. ఇక మొదటి పేరు, క్లోబెటసాల్. అది స్టెరాయిడ్. మామూలు స్టెరాయిడ్ కూడా కాదు, చర్మానికి పూసే స్టెరాయిడ్లలో అత్యంత బలమైన వర్గానికి చెందినది. సోరియాసిస్, మొండి ఎగ్జిమా లాంటి జబ్బులకు, డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాల్సిన మందు. గజ్జల్లో చర్మం పల్చగా ఉంటుంది, చెమటకి ఎప్పుడూ తడిగా ఉంటుంది, అక్కడ రాసిన మందు బాగా లోపలికి ఇంకుతుంది. అలాంటి చోట నెలల తరబడి క్లోబెటసాల్ రాయడం చాలా ప్రమాదం.

రెండు రోజుల్లో దురద పోతోంది కదా అంటారు. పోతుంది. ఎర్రదనం, దురద అన్నవి ఫంగస్ మీద మన ఒళ్లు చేసే ఎదురుదాడి. స్టెరాయిడ్ ఆ ఎదురుదాడిని ఆపేస్తుంది. ఇంట్లో దొంగ ఉండగానే కుక్క నోరు కట్టేసినట్టు. పైకి అంతా చల్లబడుతుంది, లోపల ఫంగస్ నింపాదిగా పాకుతుంది. పక్కనే టెర్బినఫిన్ ఉన్నా సరే, దురద పోగానే మీరు ట్యూబు పక్కన పడేస్తారు కాబట్టి దానికి పనిచేసే గడువే దొరకదు. పైగా స్టెరాయిడ్ పడిన తామర దాని రూపం మార్చుకుంటుంది. ఎర్రటి అంచుతో గుండ్రంగా ఉండాల్సిన మచ్చ ఆకారం చెదిరి, మాలాంటి వాళ్లం కూడా ఒక్క చూపులో పోల్చుకోలేని విధంగా తయారవుతుంది.

మీవారి తొడల మీద చారలు అన్నారు. అవి స్టెరాయిడ్ వల్ల చర్మం పల్చబడి లోపల చిట్లిన గుర్తులు. కాలం గడిచేకొద్దీ రంగు తగ్గి తెల్లబడతాయి కానీ పూర్తిగా పోవు. ఈ మాట రాయడం నాకు బాధగానే ఉంది. నా ఓపీలో పాతికేళ్లు కూడా నిండని పిల్లలకు ఇలాంటి చారలు చూస్తుంటాను. తామర ప్రాణం తీసే జబ్బు కాదు, చారలు మిగిల్చే జబ్బు కూడా కాదు. ఆ చారలు మిగిల్చింది మందు. ఈ నాలుగు కలిపిన ట్యూబు అసలు ఎవరికోసం తయారవుతోందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాబట్టి ఇంకా గట్టి ట్యూబు వద్దు. ఈ ట్యూబు ఆపండి. ఆపిన తర్వాత కొన్ని రోజులు దురద, ఎర్రదనం ముందుకంటే ఎక్కువే అవుతాయి. చాలామంది అక్కడే భయపడి మళ్లీ పాత ట్యూబు చేతిలోకి తీసుకుంటారు. మీరు మాత్రం తీసుకోవద్దు. ఇద్దరూ కలిసి చర్మ డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఇన్నాళ్లు స్టెరాయిడ్ పడిన తామర, అందులోనూ నడుం చుట్టూ పాకింది అంటే, పూతమందు ఒక్కదానితో తగ్గే దశ దాటిపోయి ఉండొచ్చు. టెర్బినఫిన్, ఇట్రాకొనజోల్ లాంటి బిళ్లలు అవసరం పడతాయి. అవి షాపులో అడిగి కొనే బిళ్లలు కావు. లివర్ ఎలా ఉంది, గుండె జబ్బు ఉందా, ఇంకేం మందులు వాడుతున్నారు అన్నవి చూసి ఇవ్వాలి. కొలెస్ట్రాల్ బిళ్లలు కొన్ని ఇట్రాకొనజోల్‌తో పడవు. అవసరమైతే డాక్టరు మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. నొప్పి ఉండదు, ఫంగస్ పోగులు ఉంటే అక్కడికక్కడే కనిపిస్తాయి. ఆ పరీక్షకు వెళ్లే ముందు కొన్ని రోజులు ఏ పూతా రాయకుండా ఉంటే ఫలితం నమ్మకంగా వస్తుంది.

పూతకి ఒకే మందు ఉన్న క్రీమ్ చాలు. క్లోట్రిమజోల్ 1 శాతం అయితే రోజుకు రెండుసార్లు, లులికొనజోల్ 1 శాతం అయితే రోజుకు ఒకసారి.

ఎలా రాయాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సరైన మందు కొని కూడా తప్పుగా రాసేవాళ్లే ఎక్కువ. స్నానం చేసి, ఆ చోటు మెత్తటి పొడి గుడ్డతో అద్ది, కాసేపు గాలికి ఆరనివ్వండి. తడి మీద రాయకండి. చూపుడు వేలు చివరి గీత దగ్గర నుంచి కొస దాకా ట్యూబు నుంచి ఒక చార పిండండి. అది సుమారు అర గ్రాము. పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకి ఆ చార సరిపోతుంది. మచ్చ మీదే కాదు, మచ్చ అంచు దాటి చుట్టూ బొటనవేలు వెడల్పంత, అంటే సుమారు 2 సెంటీమీటర్ల దాకా, బాగున్న చర్మం మీద కూడా రాయండి. ఫంగస్ పాకేది ఆ అంచు నుంచే. బయటి నుంచి లోపలికి రాసుకుంటూ రండి. పల్చగా చాలు, తెల్లగా పూత పట్టేంత అక్కర్లేదు. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. మీవారికి తామర నాలుగు అరచేతులంత ఉందనుకోండి. ఒక పూటకు రెండు చారలు, అంటే 1 గ్రాము. క్లోట్రిమజోల్ రోజుకు రెండుసార్లు కాబట్టి 2 గ్రాములు. 10 గ్రాముల ట్యూబు 5 రోజుల్లో అయిపోవాలి. అదే ట్యూబు నెల రోజులు వచ్చిందంటే మీరు రాయాల్సినంత రాయడం లేదన్నమాట. 30 గ్రాములది కొంటే ఖర్చూ కలిసొస్తుంది. ఇక ఎన్నాళ్లు అంటే, మచ్చ పూర్తిగా పోయిన తర్వాత కూడా కనీసం రెండు వారాలు. దురద పోయిన రోజును లెక్కలోకి తీసుకోకండి. నల్లటి మరక మాత్రం నెలల పాటు ఉంటుంది. అది తామర కాదు, దానికి మందు అక్కర్లేదు. అంచు తేలి పొట్టు లేస్తోందా, దురద ఉందా అన్నదే చూసుకోండి.

చెరువు పని అన్నారు కాబట్టి ఇంకో మాట. తడి లుంగీతో, తడి డ్రాయరుతో గంటల కొద్దీ ఉంటే ఏ మందూ పనిచేయదు. ఒక పొడి జత సంచిలో పెట్టి పంపండి. చెరువులోంచి బయటికి రాగానే మార్చుకోమనండి. మొలతాడు ఉంటే తీసేయమనండి. ఈ మాట చెబితే ఇళ్లలో గొడవలు అవుతాయని తెలుసు, అయినా చెప్పక తప్పదు. నూలు తాడు చెమటకి నానుతూ, ఫంగస్‌ని దాచిపెట్టుకుంటుంది. నడుం చుట్టూ సరిగ్గా తాడు ఉన్న వరుసలోనే తామర ఉండడం నేను తరచూ చూస్తాను. నయమయ్యాక కొత్తది కట్టుకోవచ్చు. తువ్వాళ్లు ఎవరివి వాళ్లకి, సబ్బు కూడా. బట్టలు వేడి నీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేసి, నడుం పట్టీ, కుట్లు ఉన్న చోట ఇస్త్రీ పెట్టండి. పిల్లలకు ఉందేమో చూడండి. ఒకరు వాడి ఒకరు మానేస్తే అది ఇల్లంతా తిరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: ఆంటీ, నేను డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. హైదరాబాద్‌లో ఉన్నప్పుడే నడుం దగ్గర తామర ఉండేది. ఇక్కడి డాక్టరు టెర్బినఫిన్ క్రీమ్, తర్వాత అవే బిళ్లలు ఇచ్చారు. నెల దాటినా తగ్గలేదు. మొన్న స్నేహితుడు వస్తుంటే అమ్మ అతని సూట్‌కేసులో నాలుగు ట్యూబులు పెట్టి పంపింది. వాడొచ్చా?
— ఒక విద్యార్థి, టెక్సాస్

జవాబు: బాబూ, ముందు ఆ ట్యూబుల మీద పేర్లు చదువు. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ ట్యూబు తామరకి వద్దు. పై జవాబులో కారణం రాశాను. అమ్మకి కోపం రాకుండా చెప్పు, ఆమె ప్రేమతోనే పంపింది.

టెర్బినఫిన్ పనిచేయకపోవడం నీ తప్పు కాకపోవచ్చు. మన దేశంలో ఈ పదేళ్లలో బాగా పాకిపోయిన ఒక ఫంగస్ ఉంది. దానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. టెర్బినఫిన్ ఫంగస్‌లోని స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ని అడ్డుకుని దాన్ని చంపుతుంది. ఈ ఫంగస్ రకాల్లో చాలావాటికి ఆ ఎంజైమ్ జన్యువే మారిపోయి ఉంది, అందుకే మందు దానికి అంటదు. అమెరికాలో దీని తొలి రెండు కేసులను న్యూయార్క్ నుంచి 2023లో ప్రకటించారు. కాబట్టి అక్కడి డాక్టర్లందరికీ ఇది అలవాటైన జబ్బు కాదు.

నువ్వు చేయాల్సింది, ఇండియా నుంచి వచ్చానని, తామర అక్కడే మొదలైందని, అక్కడ ఏమేం రాశావో స్టెరాయిడ్‌తో సహా దాచకుండా చెప్పడం. ఈ ఫంగస్ పేరు రాసుకెళ్లి చూపించు, మొహమాటపడకు. మామూలు కల్చర్ పరీక్షలో, అంటే ఫంగస్‌ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, దీన్ని దగ్గరి చుట్టమైన ఇంకో ఫంగస్‌గా పొరబడే అవకాశం ఉంది, జన్యు పరీక్షతోనే తేలుతుంది. టెర్బినఫిన్‌కి లొంగని కేసుల్లో ఎక్కువగా ఇట్రాకొనజోల్ వాడతారు, అదీ కొన్ని వారాలు పట్టొచ్చు. రూమ్మేట్ల బట్టలతో నీ బట్టలు కలిపి మెషీన్‌లో వేయకు. డ్రయ్యర్ వేడి మీద పెట్టి పూర్తిగా ఆరనివ్వు. జిమ్ నుంచి వచ్చి అదే షార్ట్స్‌తో లాప్‌టాప్ ముందు కూర్చోవడం ఉంటే, దాన్ని కూడా ఈ రోజుతో మానెయ్.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా నాయనకు షుగర్ ఉంది. గుండె వాల్వు ఆపరేషన్ అయినప్పటి నుంచి రక్తం పల్చబడే గోలీ కూడా వాడుతుండు. కాలి వేళ్ల మధ్య తెల్లగ పాచిపోయి వాసన వస్తుంది. ఇంట్లో ఉన్న మైకొనజోల్ క్రీమ్ పెట్టి, గుడ్డ చుట్టి పడుకుంటుండు. సరిపోతదా?
— ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: అన్నా, రెండు విషయాలకు ఆగండి. మొదటిది, ఆ రక్తం పల్చబడే గోలీ వార్ఫరిన్ గానీ, అసెనోకుమరాల్ గానీ అయితే మైకొనజోల్ దానితో పడదు. చర్మం మీద రాసింది కూడా కొంతమందిలో ఒంట్లోకి ఇంకి రక్తాన్ని మరీ పల్చబరుస్తుంది. ఆ క్రీమ్ ఆపి, గుండె డాక్టరుకు చెప్పండి. ఇన్నాళ్లూ రాసిన సంగతి చెబితే, రక్తం ఎంత పల్చబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకోమంటారు. ఈలోగా చిగుళ్ల నుంచి రక్తం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, మూత్రం ఎర్రగా రావడం ఉంటే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పూతకి మరో మందు ఆయనకు ఏది సరిపోతుందో మీ డాక్టరే చెప్పాలి.

రెండోది, గుడ్డ చుట్టడం వద్దు. వేళ్ల మధ్య ఫంగస్‌కి కావల్సిందే ఆ తడి, ఆ వేడి. కాళ్లు కడిగాక ఒక్కొక్క వేలి సందూ విడదీసి పొడి గుడ్డతో ఒత్తండి. వంగలేకపోతే మీరే చేయండి. బూట్లు, ప్లాస్టిక్ చెప్పులు పక్కన పెట్టి గాలి ఆడే చెప్పులు వేయించండి.

షుగర్ ఉన్నవాళ్లకు వేలి సందుల్లో చీలిక అంటే బ్యాక్టీరియాకి తలుపు తెరిచినట్టే. పాదం వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం వస్తే క్రీములతో కాలం గడపకండి. షుగర్ వల్ల కాలికి స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి నొప్పి లేదన్న ధీమా పనికిరాదు. రోజూ రాత్రి మీరు లైటు వేసి ఆయన పాదాలు అడుగు భాగంతో సహా చూడండి. గోళ్లు పచ్చగా, మందంగా మారి ఉంటే అది గోటి ఫంగస్ కావచ్చు. దానికి క్రీమ్ ఒక్కటీ పనిచేయదు, అది డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: మేడమ్, నాకు ఆరో నెల. రొమ్ముల కింద, గజ్జల్లో తామర వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు ఏ మందూ వాడకూడదని అత్తయ్య వెల్లుల్లి నూరి పట్టు వేశారు. మంట పుట్టి బొబ్బలు వచ్చాయి. మా తోడికోడలి బాబుకి డైపర్ దగ్గర ఎర్రబడితే వాళ్లు నా పాత ట్యూబే రాస్తున్నారు. ఇది మంచిదేనా?
— ఒక కాబోయే తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, పచ్చి వెల్లుల్లి పట్టు చర్మాన్ని నిజంగానే కాలుస్తుంది. మళ్లీ వేయనివ్వకండి. బొబ్బలు చిదపకుండా చల్లటి నీళ్లతో కడిగి, డాక్టరుకు చూపించండి. అవి మానేదాకా ఆ చోట ఫంగస్ క్రీమ్ కూడా రాయొద్దు, మంట ఎక్కువవుతుంది.

కడుపుతో ఉన్నప్పుడు క్లోట్రిమజోల్ క్రీమ్ చాలా ఏళ్లుగా డాక్టర్లు ఇస్తున్నదే. చర్మం మీద రాసినది ఒంట్లోకి వెళ్లేది అతి స్వల్పం. మీ గైనకాలజిస్టుకి ఒక మాట చెప్పి మొదలుపెట్టండి. బిళ్లలు మాత్రం మీ అంతట మీరు వేసుకోవద్దు, ఫ్లూకొనజోల్‌తో సహా. ప్రసవం అయ్యాక పాలిచ్చేటప్పుడు రొమ్ము దగ్గర రాసినా, చనుమొన మీద రాయకండి. పాపాయి నోటికి తగిలే చోట మందు ఉంటే తుడిచేసి పట్టండి.

బాబు విషయంలో మీ తోడికోడలికి ఈ రోజే ఫోన్ చేయండి. పాత ట్యూబులో స్టెరాయిడ్ ఉంటే, డైపర్ కింద అది పెద్దవాళ్లకంటే ఎన్నో రెట్లు లోపలికి ఇంకుతుంది. పసిపిల్లల ఎదుగుదల మీద కూడా ప్రభావం చూపగలదు. డైపర్ తీసి గాలి ఆడనిచ్చి, పిల్లల డాక్టరుకి చూపించమనండి. డైపర్ మంటలన్నీ ఫంగస్ కావు, చాలావరకు తడికి ఒరుసుకున్నవే ఉంటాయి.

ప్రశ్న: మేడమ్, ఇంటర్ చదువుతున్నాను. వీపు మీద, మెడ మీద శోభి మచ్చలకు డాక్టరు ఇచ్చిన కీటోకొనజోల్ వాడాను. పొట్టు పోయింది కానీ తెల్ల మచ్చలు అలాగే ఉన్నాయి. ఇంకా వాడాలా?
— ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: వద్దమ్మా. పొట్టు రాలడం ఆగిందంటే ఫంగస్ పోయినట్టే. రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఎండ తగిలేకొద్దీ కలిసిపోతుంది. దీనికి టెన్షన్ పడి ఫెయిర్‌నెస్ క్రీములు పూయకు. వేసవిలో మళ్లీ పొట్టు మొదలైతే అప్పుడు డాక్టరును అడుగు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను మెడికల్ షాపులో పనిచేస్తాను. తామర అని రోజూ చాలామంది వస్తారు. చీటీ అడిగితే పక్క షాపుకి పోతారు. రెండు రోజుల్లో తగ్గే ట్యూబు ఇస్తేనే మళ్లీ వస్తారు. మాలాంటి వాళ్లం ఏం చేయాలి?
— ఒక ఫార్మసీ ఉద్యోగి, జగిత్యాల

జవాబు: తమ్ముడూ, ఈ ఉత్తరం రాసినందుకు మీకు నమస్కారం. మా దగ్గరకు వచ్చేసరికి చాలామందికి ఆలస్యమైపోతుంది. వాళ్లను మొదట చూసేది మీరే.

చట్టం సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి స్పష్టంగా చేర్చింది. చీటీ లేకుండా అవి అమ్మకూడదు. అయినా కౌంటర్ ముందు నిలబడి గోక్కుంటున్న మనిషికి చట్టం చెబితే వినడు, అదీ నాకు తెలుసు. అందుకని ఇలా చేసి చూడండి. "ఎన్నాళ్ల నుంచి? ఇంతకుముందు ఏం రాశావు?" అని అడగండి. కొత్తగా వచ్చింది, చిన్న మచ్చ, మనిషికి వేరే జబ్బుల్లేవు అంటే స్టెరాయిడ్ కలవని క్లోట్రిమజోల్ చూపించండి. "ఇది దురద తగ్గడానికి వారం పడుతుంది, కానీ జబ్బు పోతుంది" అని ముందే చెప్పండి. ముందే చెబితే మనిషి ఓపిక పడతాడు. చెప్పకపోతే మూడో రోజు మందు పనిచేయలేదని తిరిగొస్తాడు. ట్యూబు డబ్బా మీదే "మచ్చ పోయాక ఇంకో రెండు వారాలు" అని పెన్నుతో రాసివ్వండి.

ముఖం మీద ఉన్నా, తలలో ఉండి జుట్టు ఊడుతున్నా, గోళ్లకి పాకినా, పసిపిల్లలైనా, గర్భిణులైనా, షుగర్ ఉన్నా, ఇదివరకే ఆ నాలుగు కలిపిన ట్యూబులు వాడి ఉన్నా, ఏమీ అమ్మకుండా డాక్టరు దగ్గరకు పంపండి. పిల్లల తల తామరకి పూత చాలదు, బిళ్లలు కావాలి. ఆలస్యమైతే ఆ చోట జుట్టు శాశ్వతంగా రాకుండా పోయే ప్రమాదం ఉంది. చర్మ డాక్టరు ఫీజు కట్టలేనివాళ్లయితే ప్రభుత్వ ఆస్పత్రి చర్మ విభాగం ఓపీకి వెళ్లమనండి. వాడుతున్న ట్యూబు పారేయకుండా వెంట తీసుకెళ్లమని కూడా చెప్పండి. ఏం రాశారో తెలిస్తే అక్కడ మా పని సగం తేలికవుతుంది.